ఎదుటివాడి కత్తి

ప్రొద్దుటూరులో నేను అద్దెకుండే గది ఒక బట్టల గోడౌను మీద ఉంది. పగలంతా కింద మూటలు దించుతూ కేకలు వేసుకుంటారు. పొద్దు గూకేసరికి షట్టరు దించుకొని వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆ మేడ మీద నేనూ, నా టీవీ. జమ్మలమడుగు బస్సు డిపో గ్యారేజీలో ముప్పై ఏళ్ళు బాడీ పని చేసి రిటైరైనవాణ్ణి. సొట్టలు పడ్డ బస్సులను బాగుచేసి పంపడం నా ఉద్యోగం. నా భార్యకు జబ్బు చేస్తే ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని ఈ ఊరికి మారాం. ఆమె పోయి రెండేళ్ళయింది. మాకు పిల్లలు లేరు. జమ్మలమడుగుకు తిరిగి వెళ్ళిపోవచ్చు గానీ అక్కడ మాత్రం ఎవరున్నారని వెళ్ళాలి?

పొద్దున పాలపాకెట్ల అతనితో "ఒకటి" అంటాను. హోటల్లో "రెండు ఇడ్లీ" అంటాను. కొన్ని రోజులు నా నోటి నుంచి వచ్చే మాటలు ఈ మూడే. ఒకప్పుడు నా నోటికి జడిసి గ్యారేజీలో ఫోర్‌మన్ కూడా చుట్టు తిరిగి పోయేవాడు. ఇప్పుడు తిట్టడానికి కూడా మనిషి దొరకడం లేదు.

పోయిన వానాకాలం గోడ చెమ్మ దిగి అటక మీదికి నీళ్ళు వచ్చాయి. సామాన్లన్నీ దించాల్సి వచ్చింది. నా భార్య ఇత్తడి గిన్నెలు, ఎందుకూ పనికిరాని ఒక సీలింగు ఫ్యాను, వాటి వెనక పాత దుప్పట్లో చుట్టిన కత్తి. దుప్పటి విప్పితే తుప్పు ఎర్రగా చేతులకు అంటుకుంది. ఒర చెక్క పుచ్చిపోయింది. పిడి పట్టుకొని లాగితే పిడి ఊడి చేతికొచ్చింది గానీ కత్తి ఒరలోంచి కదల్లేదు. ఎవరి మీద అరవాలో తెలియక నన్ను నేనే గట్టిగా తిట్టుకున్నాను. ఎందుకంటే అది నా కత్తి కాదు.

అది నాటకాల కత్తి. అసలు కత్తిలాగే ఉంటుంది, అంచు మాత్రం మొద్దు. వయసులో ఉన్నప్పుడు జమ్మలమడుగులో మాకొక నాటకాల జట్టు ఉండేది. నాది రాజు వేషం. రాజు మీద తిరగబడే సేనాపతి వేషానికి పులివెందుల నుంచి ఒక దర్జీ వచ్చేవాడు. ముస్లింల ఇంటివాడు. పగలు మిషను తొక్కేవాడు, జట్టులో అందరికీ వేషాల బట్టలు కుట్టేవాడు. పద్యం ఎత్తుకున్నాడంటే హార్మోనియం ఆయన కూడా వాయించడం మరిచి వినేవాడు. వాడు నన్ను మామా అనేవాడు, నేనూ వాణ్ణి మామా అనేవాణ్ణి. మా ఇద్దరిలో ఎవరు ఎవరికి మామో మాకే తెలియదు.

మిగతా జట్లవాళ్ళు అట్టకత్తులకు వెండి కాగితం అంటించుకొని ఆడేవారు. మాకు నాటకం నేర్పిన పెద్దాయన అందుకు ఒప్పుకోలేదు. చివరి వరుసలో దుప్పటి కప్పుకొని కూర్చున్నవాడికి కూడా కత్తుల చప్పుడు వినపడాలనేవాడు. ప్రొద్దుటూరులో కొలిమి పెట్టుకున్న ఒకాయన చేత పాత లారీ కమాను పట్టాలు కొట్టించి రెండు కత్తులు చేయించాడు. ఒకటి నాకు, ఒకటి వాడికి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఒక నియమం పెట్టాడు. ఎవరి కత్తి వాళ్ళ ఇంట్లో ఉండాలి, వాళ్ళే నూనె రాసి చూసుకోవాలి. కానీ ఆడేటప్పుడు మాత్రం మార్చుకోవాలి, ఎదుటివాడి కత్తితోనే ఆడాలి.

"నీ కత్తి నీ మీదికే వస్తాది. అప్పుడుగానీ నువ్వు దాన్ని సరిగ్గా చూసుకోవు," అనేవాడాయన.

ఆట అయిపోగానే మళ్ళీ ఎవరిది వాళ్ళకు. తొండూరు, తుమ్మలపల్లె, సింహాద్రిపురం, ఇంకా పేర్లు మరిచిపోయిన పల్లెల్లో ఏళ్ళ తరబడి అలాగే ఆడాం. వాడి కత్తి నా చేతిలో, నా కత్తి వాడి చేతిలో. చేతులకు దెబ్బలు తగిలాయి గానీ మా మధ్య మాట పొరపాటు ఎప్పుడూ రాలేదు.

వచ్చింది ఒక్కసారే. దానికి కారణం నేనే. ఈ సంగతి నేను ఎవరి ముందూ ఒప్పుకోలేదు, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. కరపత్రాలు అచ్చు వేయించడం నా పని. సింహాద్రిపురం ఆటకు నా పేరు పైన పెద్ద అక్షరాల్లో వేయించుకున్నాను. ముందర బిరుదు కూడా తగిలించుకున్నాను. వాడి పేరు అన్నిటికన్నా కింద, 'తదితరులు' అనే మాటకు పక్కన పడింది. అప్పటిదాకా మా ఇద్దరి పేర్లూ ఒకే వరుసలో పడేవి. ఆట అయ్యి తెల్లవారాక బస్సు కోసం నిలబడి టీ తాగుతుంటే, బంకు గోడకు అంటించిన కరపత్రం వాడి కంట పడింది.

"ఇది ఎవురు రాయించిరి మామా?" అన్నాడు.

"ప్రెస్సోడు ఏసుకున్యాడు. నాకేం తెల్సు?"

"ప్రెస్సోనికి నీ మీద అంత ప్రేమ యాడిది?"

దొరికిపోయినవాడికి వచ్చే కోపం మామూలు కోపం కంటే పెద్దది. "జనాలొచ్చేది నా వేషానికి, నీ పద్యానికి కాదు. తెల్సుకో," అన్నాను. పక్కన నలుగురు వింటున్నారని తెలిసే అన్నాను. వాడు గ్లాసు బెంచీ మీద పెట్టి, వచ్చిన బస్సెక్కి పులివెందులకు వెళ్ళిపోయాడు. కత్తులు మార్చుకోలేదు. నాది వాడితో పోయింది, వాడిది నాకు మిగిలింది.

ఆ తర్వాత జట్టు ఆడలేదు. పెద్దాయన పోయాడు. జనం కూడా నాటకాలు చూడడం మానుకున్నారు. ఇరవై ఏళ్ళు దాటింది. నా భార్య బతికి ఉన్నంతకాలం దసరాకు ఇల్లు దులిపేటప్పుడల్లా ఆ దుప్పటి మూట చూసి ఒకే మాట అనేది.

"ఆయప్ప కత్తి ఆయప్పకు ఇచ్చి రాపో. ఆ సాకుతోనన్నా మాట్లాడొస్తావు."

"వాణ్ణే రానీ," అనేవాణ్ణి. ప్రతి ఏడూ ఇదే మాట, ఇదే జవాబు. ఆమె పోయినప్పుడు వాడు వస్తాడని చూశాను. కబురు పంపకుండా ఎలా వస్తాడు? ఆ ఆలోచన కూడా నాకు పదకొండో రోజు దాటాక వచ్చింది.

తుప్పు పట్టిన ఆ కత్తిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నప్పుడు ఒక నిర్ణయానికి వచ్చాను. దీన్ని కొత్తదానిలా చేసి తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాలి. వాడు ఒక్కసారి మామా అంటే చాలు. నాకు మాట్లాడే మనిషి కావాలి. మేడ మీద ఈ గదిలో నాకు ఊపిరాడటం లేదు. ఇంతకంటే వంకర లేకుండా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

మర్నాటి నుంచి పనిలోకి దిగాను. పుచ్చిన ఒరను చీల్చి కత్తిని బయటికి తీశాను. ప్లాస్టిక్కు పైపు ముక్కను నిలువునా కోసి, రెండు చివర్లూ బంకమట్టితో మూసి, అందులో డీజిలు పోసి మూడు రోజులు నానబెట్టాను. గది అంతా గ్యారేజీ వాసన వచ్చింది, నాకు ఆకలి కూడా బాగా వేసింది. నాలుగో రోజు ఇనుప బ్రష్షుతో రుద్దితే తుప్పు పొట్టు పొట్టుగా లేచింది. తర్వాత గరుకు కాగితాలు, ముందు ముతకవి, ఆ తర్వాత సన్నవి. పిడికి ఉన్న ఇత్తడి కట్టును చింతపండు, ఉప్పు కలిపి తోమాను. నా భార్య దేవుడి సామాన్లు అలాగే తోమేది. కూర్చొని తోముతున్నంతసేపూ ఆమె చేసిన పని నేను చేస్తున్నాననే అనిపించింది.

తుప్పు పోయాక అంచు కనిపించింది. మొదలు నుంచి కొస దాకా గాట్లు. ఇనుము ఇనుమును కొట్టుకున్న చోటల్లా చిన్న గంటు పడింది. కొన్ని గోరు పట్టేంత, కొన్ని కందిగింజ పట్టేంత. నాకు చూడబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్ళు నేను చేసింది ఆ పనే. బస్సు ఎంత సొట్టలు పడి వచ్చినా, గ్యారేజీ దాటేటప్పుడు ఎక్కడ తగిలిందో డ్రైవరుకే తెలియకూడదు. నా పనికి అంతకు మించిన పొగడ్త లేదు. ఆకురాయి తీసుకున్నాను. ఎనిమిది రోజులు రాకాను. భుజం పట్టేసింది, నడుం వంగనంది, అయినా వదల్లేదు. చివరికి అంచు మీద దారం పెట్టి లాగితే ఎక్కడా తట్టుకోకుండా జారిపోయింది. కిటికీ వెలుగులో పెట్టి చూసుకొని నాలో నేనే శభాష్ అనుకున్నాను.

కొత్త పిడి ఇక్కడే వడ్రంగి చేత టేకు ముక్కతో చేయించాను. ఒరకు మాత్రం జమ్మలమడుగు పోవాల్సి వచ్చింది. డిపోలో బస్సు సీట్లు కుట్టే ఒకాయన నాకు తెలుసు. చెక్క ఒరకు ఎర్ర వెల్వెట్టు బిగించి ఇచ్చాడు. పాత గ్యారేజీ వైపు తొంగిచూశాను. అందరూ కొత్త ముఖాలే. నన్ను చూసి ఒకతను "ఏం కావల్ల పెద్దాయనా, బస్టాండు ఆ పక్క," అని దారి చూపించాడు. అక్కడి నుంచే ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సెక్కాను.

గోనెసంచిలో చుట్టిన పొడుగాటి మూట చూసి కండక్టరు ఆగాడు.

"ఏంది పెద్దాయనా అది?"

"డ్రామా కత్తి."

మా జిల్లాలో కత్తి అన్న మాట వినబడితే దాని ముందున్న మాట ఎవరి చెవికీ ఎక్కదు. ముందు సీట్లలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఒకతను "ఎవురి మీదికి పోతాండావు తాతా?" అన్నాడు. "ఒక దర్జీ మీదికి," అన్నాను. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. మనుషుల మధ్య కూర్చొని నవ్వి ఎంత కాలమైందో అప్పుడు తెలిసింది. తొండూరు దాటేసరికి ఆ నవ్వినవాళ్ళంతా దిగిపోయారు. నాకు భయం మొదలైంది. వాడు తలుపు వేసేస్తే? బతికే ఉన్నాడా అసలు? ఇరవై ఏళ్ళుగా చూడని మనిషి దగ్గరికి బయలుదేరేముందు ఆ మాత్రం కనుక్కోలేదు నేను.

పులివెందులలో వాడి ఇల్లు అదే సందులో ఉంది. తలుపు తీసింది వాడి భార్య. జుట్టు పూర్తిగా నెరిసింది.

"ఎవురు కావల్ల?"

"నేనేమ్మా. జమ్మలమడుగు. రాజు వేషం."

ఆమె నా ముఖం వైపు చూసి, మూట వైపు చూసి, "అన్నా, నువ్వా!" అంది. లోపలికి రమ్మని పక్కకు జరిగి, మెల్లగా చెప్పింది. "చూపు ల్యా అన్నా ఆయనకు. సుగరుతో పోయింది. మూడేండ్లాయ."

వాడు వసారాలో మంచం మీద కూర్చొని ఉన్నాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు. మనిషి సగమయ్యాడు. నేను "నేనే" అన్నాను. గొంతు గుర్తుపట్టాడని వాడి మెడ కదలికలోనే తెలిసింది.

"కూచో అప్పా," అన్నాడు. దారిన పోయే ఎవరినైనా అలాగే అంటాం. మామా అనలేదు.

కూర్చున్నాను. మూట విప్పి కత్తి వాడి ఒళ్ళో పెట్టాను. "నీ కత్తి. తెచ్చినా," అన్నాను. వాడి ముఖం మారింది. ఒర తడిమాడు, వెల్వెట్టు తడిమాడు, కత్తి దూసి బొటనవేలు అంచు మీద పెట్టి పిడి దగ్గర నుంచి కొస దాకా తీసుకుపోయాడు. ఆగాడు. మళ్ళీ పిడి దగ్గరికి వచ్చి, ఈసారి ఇంకా నిదానంగా తీసుకుపోయాడు.

"ఏందిది, నున్నగా ఉండాది?"

"శానా తుప్పు పట్టింటే బాగుచేసినా. అంచంతా గాట్లు ఉండె. ఒక్కటి లేకుండా తీసేసినా. ఎనిమిది దినాలు పట్టింది," అన్నాను. గర్వంగానే అన్నాను. సిగ్గు లేకుండా మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను.

వాడు భార్యను పిలిచి "ఆ కత్తి తే" అన్నాడు. ఆమె మంచం కిందికి వంగి నా కత్తి తీసింది. మిషను నూనె వాసన వచ్చింది. ఎక్కడా తుప్పు చుక్క లేదు. గాట్లన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వాడు నా చెయ్యి వెతికి పట్టుకొని, నా వేలు ఆ అంచు మీద పెట్టాడు.

"ఇది తొండూరుది. వాన పడి కాళ్ళు జారినాయి చూడు, ఆ దినంది. ఇది తుమ్మలపల్లెది. ఈ పక్కపక్కన రెండూ సింహాద్రిపురంవి. నీ కత్తి పట్టుకొని నేను కొట్టినేటివి ఇవన్నీ. కండ్లు పోయినాక ఏం తోస్తాదప్పా? పొద్దస్తమానం ఇవి తడుముకుంటా ఆటలన్నీ మల్లా ఆడుకుంటాండా. కానీ నేను కొట్టేది ఒక్కటే ఉండాది దీని మీద. నువ్వు తిరిగి కొట్టేది నా దాని మీద కదా ఉండేది. అది ఎప్పుడన్నా రాకపోతుందా, అప్పుడు రెండూ కలిపి చూసుకుందాంలే అనుకుంటాంటి."

అలా అంటూనే వాడి రెండో చెయ్యి నున్నటి అంచు మీద ఇంకా వెతుకుతూనే ఉంది. "ఇంత నున్నగా ఎట్ల చేసినావప్పా," అన్నాడు. అందులో కోపం లేదు. కోపం ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నా పని మీద నాకు మొదటిసారి అసహ్యం వేసింది. నోట్లో ఉన్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది.

"ఆ కరపత్రం నేనే రాయించినా," అన్నాను.

"తెల్సులే. ప్రెస్సులో అచ్చులు కూర్చేటోడు మా చిన్నాయన కొడుకు. మర్నాడే చెప్పినాడు."

ఇరవై ఏళ్ళుగా వాడికి తెలుసు. నేను మాత్రం తెలియదనుకొని ఆ అబద్ధాన్ని కాపాడుకుంటూ వచ్చాను. ఇంక అక్కడ కూర్చోలేక లేచి, "పోయొస్తా" అన్నాను. రెండు అడుగులు వేశాక వెనక నుంచి పిలుపు వినబడింది.

"నిలబడు. ఇట్ల దా."

వాడు మంచం అంచుకు జరిగి కూర్చున్నాడు. తన నున్నటి కత్తిని నా వైపు చాచాడు. నా కత్తిని రెండు చేతులతో అడ్డంగా ముందుకు పట్టుకున్నాడు.

"నాది నువ్వు పట్టుకో. నీది నా దగ్గరుండాది. ఒక దెబ్బ కొట్టి పో."

"వద్దు. నీకు కనపడదు, యాడన్నా తగులుతాది."

"అప్పుడు మాత్రం పెట్రోమాక్సు వెల్తుర్లో ఏం కనపడె? కొట్టు."

కొట్టాను. భయంతో తాకించాను అనాలి. వాడు నా చేతిలోంచి కత్తి తీసుకొని తడిమాడు. "ఏం పడలా. కోళ్ళు తోల్తాండావా?" అన్నాడు. ఇంకోసారి కొట్టాను. మళ్ళీ పడలేదు. అప్పుడు వాడు గొంతు సవరించుకొని, మా ఇద్దరి యుద్ధానికి ముందు వచ్చే పద్యం ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుపోయింది గానీ శ్రుతి ఎక్కడా తప్పలేదు. రాగం చివరికంటా తీసి వదిలాడు. అక్కడ నా చెయ్యి లేవాలి. నేను లేపకుండానే లేచింది, అంతే బలంగా దిగింది. ఆ చప్పుడుకు వాడి భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఏం పనులివి ముసలోళ్ళకు!" అని గుమ్మంలోనే నిలబడిపోయింది.

వాడు కత్తి తీసుకొని బొటనవేలు పెట్టి వెతికాడు. మధ్యకు వచ్చేసరికి వేలు ఆగింది. ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ అక్కడే ఆగింది.

"పడింది మామా," అన్నాడు.

నేను ఏడ్చాను. వాడికి కనపడదు గనక కళ్ళు తుడుచుకునే పని కూడా పెట్టుకోలేదు. వాడు ఆ గాటు మీద నుంచి వేలు తీయకుండా, "ఇప్పుడు ఒకటాయ. అంతకుముందు మొత్తం ఎన్ని ఉండె మామా?" అని అడిగాడు.

నాకు తెలుసు. ఆకురాయితో ఒక్కొక్కటీ తీసేటప్పుడు, ఇంకెన్ని మిగిలాయోనని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వచ్చాను. నలభై ఒకటి.

"గుర్తు ల్యా మామా," అన్నాను.